మామగారి ఖరీదైన రీలు

ఆదివారం పొద్దున మామగారు ఏటికి వెళ్ళాలి, పాప రెండు గంటలు నిద్రపోవాలి, తను తలస్నానం చేయాలి. కోడలు వేసుకున్న పథకం అంతే. ఆయన ఇంట్లో ఉంటే రేడియో మోగుతుంది. రేడియో మోగితే పాప లేస్తుంది. ఈకతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఎరగా విసిరి చేపలు పట్టడం ఆయన సరదా. గాలం దారం చుట్టే రీలు విరిగి ఆయన నెల రోజులుగా గడప దాటడం లేదు. అందుకే శనివారమే ఆమె పాపను చంకనేసుకుని కొట్టుకు పరుగెత్తింది.

"ఎంతెంత చేపలు పడతారమ్మా?" అన్నాడు కొట్టతను.

"జానెడు. అదీ ఎప్పుడైనా."

"అయితే ఈ చవకది చాలు. గుంజుకుపోయే పెద్ద చేపకైతే మంచి బ్రేకు కావాలి గానీ, జానెడుదానికి రీలు దారం చుట్టిపెట్టుకుంటే సరిపోతుంది."

కొన్నదన్న మాటే గానీ దారి పొడుగునా గుబులే. చవకది తెచ్చిందని ఆయన చిన్నబుచ్చుకుంటే? గుమ్మంలోనే నోరు జారింది. "కొట్లో అన్నిటికన్నా ఖరీదైనది మామయ్యగారూ."

ఆయన కళ్ళు చెమర్చాయి. రీలును మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. ఆదివారం కుర్చీలోంచి కదల్లేదు.

"ఏటికి వెళ్ళరా?"

"ఇంత ఖరీదైనదాన్ని నీళ్ళల్లో ముంచుతానా అమ్మాయ్? రాయి తగిలి గీత పడితే?"

పైగా దాన్ని చూపించడానికి ముగ్గురు స్నేహితులను పిలిచారు. తలా ఒకసారి కిర్రుకిర్రుమని తిప్పారు. పాప లేచింది.

"డబ్బు పెడితే ఆ నునుపే వేరు" అన్నాడు రిటైరైన హెడ్మాస్టరు.

"మా కోడలు గాలం ముల్లు కూడా కొనిపెట్టదు" అన్నాడు పోస్టుమాస్టరు.

మరుసటి ఆదివారమూ అదే కిర్రుకిర్రు. మూడో ఆదివారం పొద్దునకు కోడలి జుట్టు అట్టకట్టింది, ఓపిక అడుగంటింది.

"అది చవకది మామయ్యగారూ. కొట్లో అంతకన్నా చవకది లేదు. మీరేమనుకుంటారోనని అబద్ధం చెప్పాను."

ఆయన లేచి బీరువాలోంచి రీలు తీశారు.

"ముందే చెప్పొద్దూ? రెండు ఆదివారాలు దండగయ్యాయి" అంటూ దాన్ని గాలం కర్రకు బిగించి భుజాన వేసుకున్నారు.

"మీ స్నేహితులు వస్తే ఏం చెప్పను?"

"వాళ్ళు రారులే. నా రీలు చూసి, మొన్ననే ముగ్గురూ నిజంగా ఖరీదైనవి కొనుక్కున్నారు. ఇళ్ళల్లో కాపలా కూర్చున్నారు."

పాప రెండు గంటలు నిద్రపోయింది. ఆ మూడిళ్ళ కోడళ్ళు మాత్రం, ఈమె ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నారు.