బాల్కనీ బూజు సంగ్రామము

భాస్కరుడు ఎదురింటి వాటర్ ట్యాంకును అధిరోహించుచున్న శుభవేళ, మూడవ అంతస్తు బాల్కనీయందు, ఆరవేసిన బట్టల తోరణముల నీడలో, నీలిరంగు ప్లాస్టిక్ డబ్బా యొకటి విరాజిల్లుచుండెను. అందు అరటితొక్కలు, గుడ్డుపెంకులు, వాడేసిన టీపొడి దేహములు చాలించి మట్టిగా పునర్జన్మమెత్త తపస్సు చేయుచుండెను. ఆ తపోవన స్థాపకుడు, బడిలో జీవశాస్త్రము బోధించు అరివీరభయంకరుడు, నేనే. నన్ను పొగడువారు వేరెవ్వరును దొరకనందున ఈ గాథ నేనే పాడుకొనవలసి వచ్చినది.

గృహసామ్రాజ్ఞియగు నా అర్ధాంగి ముందే శాసించియుండెను: "ఆదివారానికి ఇది మట్టవకపోతే చెత్తబండి ఎక్కిస్తా. ఈ కంపు నావల్ల కాదు." ఆ ఆదివారము రానే వచ్చెను. ఆ డబ్బా యనిన నాకు ప్రాణము. జీవితమున నేను మొదలుపెట్టి మధ్యలో మానని పని అదొక్కటే.

అంతలో వంటింటినుండి సింహనాదము వెడలెను: "ఏవండీ, బూజు పట్టింది, చూశారా? కాస్త దులపండి!"

ఒక్క దూకున డబ్బాను చేరి మూత యెత్తి చూచితిని. నిజమే! ధవళకాంతుల బూజుసేన తొక్కలదుర్గము నాక్రమించియుండెను. పాఠములో నేను చెప్పు బూజు వేరు, ఇల్లాలి కంటబడి డబ్బాను చెత్తబండి ఎక్కించు బూజు వేరు! దక్షిణహస్తమున చీపురు, వామహస్తమున ఫినాయిలు సీసా ధరించి, చిరుగుల బనియనే కవచముగా, "ఓరీ దురాత్మా! మదీయ డబ్బాకే ఎసరు పెట్టెదవా? నిలు నిలు! నిన్ను నిర్వంశము గావించెద!" అని గర్జించితిని. సీసా మూత మాత్రము ఊడి రాలేదు.

పరుగున వచ్చిన ఇల్లాలు సీసా లాగికొనెను. "అయ్యయ్యో, నేను చెప్పింది హాల్లో సీలింగుకి పట్టిన బూజు!"

"మరి ఇది?"

"ఇది తింటేనే కదా చెత్త మట్టయ్యేది! విచ్ఛిన్నకారులు, విచ్ఛిన్నకారులు అని నెల్రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది మీరేగా?"

"నువ్వు వినట్లేదనుకున్నా."

"వినక చస్తానా?"

సిగ్గుకన్న సంతోషమే ఎక్కువయ్యెను. ఆమె విన్నది!

"సరే, మట్టయిందా లేదా?"

మోచేతివరకు చేయి దూర్చి అడుగునుండి పిడికెడు తీసితిని. నల్లగా, పొడిపొడిగా ఉండెను. ఆమె ముక్కు దగ్గరకు తీసికొని, చాలాసేపు వాసన చూచి, "మట్టే. ఉండనివ్వండి," అనెను.

వినుడు జనులారా! కోటానుకోట్ల సూక్ష్మజీవులు రేయింబవళ్ళు పోరి గెలిచిన ఆ పిడికెడు మట్టిలో నా పరాక్రమము ఒక్కటే: ఫినాయిలు సీసా మూత తీయలేకపోవుట. జయము! జయము!

హాలులో బూజు ఇంకను అట్లే యున్నది.