అరటికి పదకొండు దుప్పట్లు

ఆ ఉదయం నడీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రికి గట్టి మంచు పడుతుందని రేడియో చెప్పింది. చీకటి పడేలోగా పెరట్లోని అరటికి ఆకులు కోసి, చుట్టూ కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప జాలీ నిలబెట్టి, అడుగున ఎండుటాకులు కూరి, పైదాకా దుప్పట్లు చుట్టాలి. అంతే.

చలికి తట్టుకునే రకమని కొన్నదే గానీ, ఒహాయో చలికి తట్టుకునేది దాని దుంప ఒక్కటే. మూడేళ్లుగా చలికాలంలో కాండం కుళ్లిపోవడం, వేసవిలో మళ్లీ మొదటినుంచి పెరగడం. ఈసారి వరండా చూరు దాటింది. ఈ కాండం బతికి బయటపడితే వచ్చే వేసవికి పువ్వు వేస్తుంది. ఆ తలపుకే నడీన్‌కు కాళ్లు నేలమీద నిలవడం లేదు. వెనకాలే భయమూ వచ్చింది. గాలికి జాలీ పడిపోతే? ఎలుకలు కాపురం పెడితే?

"మంచులో నా కారు కూడా నిలబడుతుందమ్మా. దానికెప్పుడూ చెద్దరు కప్పలేదు నువ్వు," అంది కూతురు కోరా.

"నీ కారు పువ్వేస్తుందా?" అంది నడీన్.

ఇంట్లోని దుప్పట్లన్నీ, కోరా మంచం మీదిదీ కలిపి చుట్టినా సగం కాండానికే వచ్చాయి. నడీన్ పక్కింటి విల్మా గారి తలుపు తట్టింది. అరటి పేరెత్తితే వీధి మొత్తం మూడేళ్లుగా నవ్వుతోంది కాబట్టి ఆ మాటే ఎత్తలేదు. పాత దుప్పట్లూ, వేడెక్కే రకం పాత క్రిస్మస్ దీపాలూ ఇమ్మంది. ఈ రాత్రి గడిస్తే చాలంది.

కష్టంలో ఉన్న మనిషిని ఏమైందని అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. విల్మా దుప్పట్లిచ్చి, తలుపేసుకుని, నలుగురికి ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికల్లా నడీన్ గుమ్మంలో దుప్పట్లు గుట్టపడ్డాయి. చర్చి ఆడవాళ్లు ట్యూనా చేప, నూడుల్సు కలిపి కాల్చిన వంటను, అడుగున పేర్లు అంటించిన గాజుపళ్లేలలో తెచ్చిపెట్టారు. తన అరటిమీద జనానికి ఇంత ప్రేమ ఉందా అని నడీన్‌కు కళ్లు చెమర్చాయి. విల్మా మళ్లీ వచ్చి, మొహమాటపడకు, మా పైగది ఖాళీగానే ఉందంది.

"అంత పొడుగు మీ గదిలో పట్టదండీ," అంది నడీన్.

విల్మా పక్కనే నిలబడ్డ కోరాను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

రెండింటికి డ్వేన్ అనే మెకానిక్ పనిముట్ల పెట్టెతో దిగాడు. విల్మా గారు పంపారట. ఈ ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ పాడైందట. నడీన్‌కు సంగతి అర్థమై మొహం కందిపోయింది. మా ఫర్నేస్ బంగారంలా ఉందంటూ అతన్ని పెరట్లోకి లాక్కెళ్లి చూపించింది. పదకొండు దుప్పట్లు కప్పుకుని, లోపల దీపాలు వెలుగుతూ, అరటి రాణిలా నిలబడి ఉంది. కంచె దగ్గర వీధంతా పోగై పగలబడి నవ్వింది. విల్మా మాత్రం నవ్వలేదు.

"ముందే చెబితే ఏముంది, నవ్వేవాళ్లం. ఇప్పుడు వండుకుని మరీ నవ్వాల్సి వచ్చింది," అంది.

ఎలాగూ వచ్చానని డ్వేన్ నేలమాళిగలోకి దిగాడు. గాలికీ ఎలుకలకీ భయపడిన నడీన్, ఫర్నేస్ గురించి మాత్రం జన్మలో ఒక్కసారీ భయపడలేదు. అతను పైకి వచ్చేసరికి మొహంలో నవ్వు లేదు.

"లోపల పగిలిందండీ. విషవాయువు ఇంట్లోకే వస్తోంది. ఈ రాత్రి ఇక్కడ పడుకుంటే పొద్దున లేచేవాళ్లు కాదు."

ఫర్నేస్ ఆపేసి, వాడొద్దని ఎర్ర చీటీ కట్టి, కొత్తది సోమవారానికి గానీ రాదన్నాడు. నడీన్ మెట్లమీద కూలబడింది. కోరా తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి, మెల్లిగా, నా దుప్పటైనా విప్పుకోనా అని అడిగింది.

"మన ప్రాణం కాపాడిన దాని ఒంటిమీది బట్ట లాగుతామా?" అంది నడీన్.

తల్లీకూతుళ్లు కోట్లు తొడుక్కుని విల్మా ఇంటికి నడిచారు. ఆ చిరునామాలో వెచ్చగా మిగిలింది అరటి ఒక్కటే.