నలభై నాలుగులో మూడు

సోమవారం ఉదయం సూర్యనారాయణ పెట్టుకున్న పని ఒక్కటే. ప్లేట్లో ఇడ్లీ చల్లారేలోగా ఒక కుర్రాడిని 'వద్దు' అని రాసి సంతకం పెట్టడం. ఫైలు హోటల్‌కి వెంట తెచ్చుకున్నాడు, పెన్ను మూత కూడా తీసి పెట్టుకున్నాడు. ఎదురుగా హనుమంతు కూర్చోకపోతే ఆ పని నిమిషంలో అయిపోయేది.

సూర్యనారాయణది కాకినాడ. జూబ్లీహిల్స్‌లో శ్యామలాదేవి నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీకి అడ్మిన్ మేనేజర్. ఆ కంపెనీ ఉన్న స్థలం ఆవిడ తండ్రి సినిమాలు తీసి సంపాదించినది. వీధికి నాలుగు సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టుకొస్తున్న రోజులవి. వాటన్నిటికీ కలిపి ఏటా ఒక బాస్కెట్‌బాల్ కప్పు ఉండేది. కంపెనీ వెనక బండరాళ్లు పగలగొట్టించి, ఎండలో నిలబడి చదును చేయించి, కోర్టు వేయించింది సూర్యనారాయణే. రోజూ ఆరింటికి వచ్చి దాన్ని దగ్గరుండి ఊడ్పిస్తే గానీ ఆయనకు కాఫీ గొంతు దిగదు. అంత ముచ్చటైన కోర్టులో ఆడే జట్టు మూడేళ్లుగా వరసగా ఓడుతోంది.

"దండగమారి కోర్టండీ. ఈసారి కూడా ఓడితే కార్ల పార్కింగ్ చేసేస్తాను. టోకెన్లు మీరే ఇద్దురుగాని" అని శ్యామలాదేవి తేల్చి చెప్పింది. మ్యాచ్‌లన్నీ ఆదివారమే. ఆటగాళ్ల పేర్లివ్వడానికి శుక్రవారం ఆఖరు. కంపెనీ ఉద్యోగులే ఆడాలని నియమం.

ఇలాంటి సమయంలో జట్టు కెప్టెన్ హనుమంతు ఎవరిని పట్టుకొచ్చాడు? మౌళిని! కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉంటూ, షూటింగుల్లో హీరోల పక్కన నిలబడి డైలాగులు అందించే అసిస్టెంటుని. వాడికి ఉద్యోగమిచ్చి మరీ ఆడించాలట.

"నలభై నాలుగు సార్లు వేశాడయ్యా! కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టాను. బాస్కెట్‌లో పడినవి మూడు! మా ఆవిడ వంటింట్లోంచి విసిరినా నాలుగు పడతాయి" అన్నాడు సూర్యనారాయణ.

"ఆయన పాయింట్ గార్డ్ సార్. బాల్ తెచ్చి మన చేతుల వెడ్తడు. ఏసుడు మన పని. ఆయన ఉన్న దినం నేను పన్నెండు ఏసిన. లేని దినం రెండు. గది లెక్కవెట్టిన్రా?"

"వాడు వేయలేడని అవతలివాళ్లకి తెలిస్తే వాడిని గాలికొదిలేసి, మీ నలుగురి మీదా ఐదుగురు పడతారు. అప్పుడేం చేస్తావు?"

"గప్పుడు గూడ ఆయనే చూస్కుంటడు. జర సమజ్ చేస్కోండి సార్."

"సమజూ లేదు, గిమజూ లేదు!" సూర్యనారాయణ బల్లమీద గుద్దాడు. చట్నీ ఫైలు మీద పడింది. "మౌళి అంత పనికిమాలిన ఆటగాడు ఈ జూబ్లీహిల్స్‌లో లేడు. ఊరికే ఇచ్చినా నాకొద్దు!"

హోటల్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. అది వెంకటనర్సయ్య టీ హోటల్, ఫిల్మ్ నగర్ మొదట్లో ఉంటుంది. సగం బల్లల దగ్గర సినిమావాళ్లే. ఫిల్మ్ నగర్‌లో ఒక పద్ధతి ఉంది. అక్కర్లేని ఆర్టిస్టు పేరు అక్కడ ఎవరూ ఎత్తరు, మరిచిపోతారు, అంతే. పేరు పెట్టి నలుగురిలో తిడుతున్నారంటే, రేటు దించి బుక్ చేసుకోబోతున్నారని అర్థం. ఈ సంగతి సూర్యనారాయణకు ఎవరూ చెప్పలేదు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలోంచి వచ్చిన మనిషి, తిట్టు అంటే తిట్టే అనుకుంటాడు.

పక్క బల్ల దగ్గర దోసె తింటున్న సుబ్రహ్మణ్యానికి మాత్రం ఆ పద్ధతి కొట్టిన పిండి. పాతికేళ్లు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, రోడ్డవతలి కంపెనీలో అడ్మిన్‌గా చేరాడు. మూడేళ్లుగా కప్పు వాళ్లదే. దోసె సగంలో వదిలేసి లేచాడు.

మర్నాటికి మౌళిని సుబ్రహ్మణ్యం ట్రైనీ ఉద్యోగానికి పిలిచాడని తెలిసింది. సూర్యనారాయణ మంచి మనసు ఊరుకోలేదు. తోటి మనిషి మోసపోతున్నాడని ఫోన్ చేశాడు.

"ఏవండీ, నా మాట వినండి. ఆ కుర్రాడు శుద్ధ దండగ."

"ఊరుకోండి సార్! పాతికేళ్లు నేనూ ఇదే మాట చెప్పి బుక్ చేశానండీ" అని సుబ్రహ్మణ్యం పగలబడి నవ్వి పెట్టేశాడు. సాయంత్రానికి ఇస్తామన్న ట్రైనీ ఉద్యోగం కాస్తా ఇంజనీరు ఉద్యోగమైంది.

సూర్యనారాయణకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే నవ్వుతారా? బుధవారం కూర్చుని నలభై నాలుగు బంతులూ ఎక్కడెక్కడ పడ్డాయో బొమ్మ గీసి, రెండు పేజీలు రాసి, అన్ని కంపెనీలకూ ఈమెయిల్ పంపాడు. ఇంత కష్టపడి తిడుతున్నారంటే వాడెంత మొనగాడో అని మరో మూడు కంపెనీలు రంగంలోకి దిగాయి. కంప్యూటర్ ఎటు తిప్పి చూడాలో తెలియని మౌళికి రాత్రికల్లా టీమ్ లీడర్ పదవే ఇస్తామన్నారు. ఇంకా పెరుగుతుందేమోనని వాడు ఎవరికీ సంతకం పెట్టలేదు.

గురువారం ఉదయం శ్యామలాదేవి పిలిచింది.

"జూబ్లీహిల్స్ అంతా వెతుకుతున్న కుర్రాడు మొదట మన గుమ్మంలోకి వస్తే, మీరు ఇడ్లీలు తింటూ కూర్చున్నారా?"

"మేడమ్, నలభై నాలుగులో మూడు..."

"ఆ మాట బయటివాళ్లకి చెప్పండి, నాకు కాదు. రేపు సాయంత్రానికి వాడు మన మనిషి కావాలి. లేదంటే టోకెన్లు."

సూర్యనారాయణ నీరసంగా హోటల్‌కి వచ్చి కూలబడితే వెంకటనర్సయ్యే జాలిపడి అసలు సంగతి విప్పాడు.

"తిట్టినందుకే గిరాకి అయ్యింది సార్. మా తాన తిట్టిన్రంటే కావాలన్నట్టు. మెచ్చుకున్నరంటే ఒదిలించుకుంటున్నట్టు. మీరు జర మెచ్చుకోండి, అందరు గాయబ్ అయితరు."

అబద్ధమాడటం సూర్యనారాయణ వంశంలో లేదు. అయినా కోర్టు కోసం కళ్లు మూసుకుని గొంతెత్తాడు. "వజ్రమండీ మా మౌళి! అర్జునుడండీ! వీపు తిప్పి వేసినా పడుతుందండీ!" అనేసి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. గంటలో నాలుగు కంపెనీలూ తప్పుకున్నాయి.

శుక్రవారం పొద్దున్నే హనుమంతు ఉరుక్కుంటూ వచ్చాడు. "సార్, మౌళి పెట్టె సర్దుతుండు! మీరు గంత మెచ్చుకున్నరంట. ఇగ ఊరికి పోతనంటుండు."

కృష్ణానగర్ గదిలో మౌళి చొక్కాలు మడతపెడుతున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. "నన్ను అర్జునుడన్నారంట కదండీ. అంత మాట పడ్డాక ఈ ఊళ్లో ఇంకెవరు పిలుస్తారండీ? నేనేం పాపం చేశానండీ మీకు?"

నాలుగు రోజుల కోపం సూర్యనారాయణలో ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. "అర్జునుడేంట్రా నీ మొహం! నీ అంత దిక్కుమాలిన షూటర్‌ని నేను జన్మలో చూడలేదు. ఆ మూడూ కూడా పొరపాటున పడ్డాయి. ఒకటి నేను చూశాను, హనుమంతు మోచేతికి తగిలి పడింది. నీకు బంతిచ్చినవాడికి బుద్ధి లేదు, చూసినందుకు నాకు లేదు!"

మౌళి ముఖం వికసించింది. "నిజంగానాండీ?"

"కనకదుర్గమ్మ మీద ఒట్టు!"

"ఎక్కడండీ సంతకం?"

ఆదివారం సూర్యనారాయణ భయపడినట్టే జరిగింది. ఆయన మెచ్చుకోలు విననివాడు లేడు కనుక ఫైనల్లో సుబ్రహ్మణ్యం జట్టు మౌళికి వేయడం రాదనుకుని వాడిని గాలికొదిలేసి మిగతా నలుగురినీ చుట్టుముట్టింది. అయినా ఆ సందుల్లోంచే మౌళి బంతి అందిస్తూ పోయాడు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, బంతి మౌళి చేతిలో, బాస్కెట్ ఎదురుగా, చుట్టుపక్కల నరమానవుడు లేడు. సూర్యనారాయణకు ప్రాణం పోయినంత పనైంది.

"వెయ్యకురా నాయనా! నీ చేత కాదు, వెయ్యకు!" అని గావుకేక పెట్టాడు.

గీత అవతల సుబ్రహ్మణ్యం ఉలిక్కిపడ్డాడు. "తిడుతున్నాడు! అయితే వీడు వేస్తాడు! పట్టుకోండి, అందరూ వాడినే పట్టుకోండి!"

ఐదుగురూ మౌళి మీద పడ్డారు. మౌళి తలైనా తిప్పకుండా బంతిని పక్కకు నెట్టాడు. ఒంటరిగా నిలబడ్డ హనుమంతు తీరిగ్గా బాస్కెట్‌లో వేశాడు.

సాయంత్రం అదే కోర్టులో షామియానా వేసి విందు. సూర్యనారాయణ కనిపించిన ప్రతివాడికీ "వాడు ఒక్కటీ వేయలేదండీ, సున్నా!" అని మండిపడుతూనే, మౌళి ప్లేట్లో తానే స్వీటు వడ్డించాడు. కోర్టు దక్కింది, ఇంకేం కావాలి? అప్పుడు శ్యామలాదేవి మైకు అందుకుంది.

"ఈ కోర్టు మా కంపెనీకి ప్రాణం. వజ్రం లాంటి కోర్టు. ఇలాంటిది ఇంకెక్కడా లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. టీ పోస్తున్న వెంకటనర్సయ్య మాత్రం సూర్యనారాయణ వైపు జాలిగా చూసి తల దించుకున్నాడు.

సోమవారం ఉదయం ఇడ్లీ చల్లారేలోగా సూర్యనారాయణ ఐదు వందల పార్కింగ్ టోకెన్లకు ఆర్డర్ రాసి సంతకం పెట్టాడు.