పట్టపగలు నాలుగు కన్నాలు

లెక్కల మాస్టారు ఆ రోజుకి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి మొదలుపెట్టి, ఒక్కోదానికి పావుగంట చొప్పున, పదింటికల్లా బాత్రూం గోడకి నాలుగు కన్నాలు. పదిన్నరకి స్టీలు కడ్డీ బిగింపు. పదకొండుకి స్నానం. సాయంత్రం నాలుగింటికి మామగారు.

అసలు చిక్కంతా ఆ మామగారితోనే. మోకాలి ఆపరేషన్ అయ్యాక పదిహేను రోజులుగా కొడుకింట్లో ఉన్నారు. అక్కడ మెట్లు, ఇక్కడ లిఫ్టు. అందుకని కూతురింటికి వస్తానన్నారు గాని, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉంటేనే అన్నారు. "నేనే బిగిస్తాను మామయ్యగారూ" అన్నారు మాస్టారు ఫోన్లో. అవతలినుంచి "నువ్వా?" అని వినిపించింది. ఆ రెండక్షరాలు మాస్టారికి ఇంకా అరగలేదు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆయన దృష్టిలో అల్లుడు సుద్దముక్క కన్నా బరువైన పనిముట్టు ఎత్తలేని మనిషి. ఇప్పుడీ కడ్డీ ఊడిందంటే ఆయన మోకాలితోపాటు మాస్టారి పరువు కూడా పోతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. మామగారు ముప్పయ్యేళ్ళు దొంగతనాల కేసులే చూసి రిటైరైన పోలీసు. మనబోటివాళ్ళకి కన్నమంటే గోడకో, గిన్నెకో, జేబుకో పడేది. ఆయనకి మాత్రం దొంగలు వేసేదే కన్నం.

హార్డ్‌వేర్ షాపాయన ముందురోజే పాఠం చెప్పాడు. పోర్సిలిన్ టైలు మహా మొండిది, మామూలు బిట్టుకి లొంగదు. డైమండ్ బిట్టు కావాలి. చూడ్డానికది బోలుగా ఉండే చిన్న గొట్టం, అంచుకి వజ్రపు రజను. "డ్రిల్లు మీట సుత్తి బొమ్మ మీద పెట్టారంటే ఆ దెబ్బలకి టైలు పగిలిపోతుంది. ముందు ఏటవాలుగా ఆనించండి, గాటు పడ్డాక నిటారు చెయ్యండి. నీళ్ళు పోస్తూ ఉండాలి. నొక్కొద్దు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి" అన్నాడు. మాస్టారు అంతా నోట్సు రాసుకున్నారు.

మొదటి కన్నం నోట్సు ప్రకారమే పడింది. భార్య మగ్గుతో సన్నగా నీళ్ళు పోస్తుంటే తెల్లటి బురద గోడ మీంచి జారింది. పావుగంటకి చిన్న బిళ్ళలాంటి ముక్క గొట్టంలోంచి ఊడిపడింది. అంచు చెక్కుచెదరని ఆ కన్నాన్ని చూసుకుని మాస్టారు మురిసిపోయారు. పని చెడింది అక్కడే. రెండోదాని దగ్గర ఉత్సాహం ఆగక గట్టిగా నొక్కారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగితే భార్య మగ్గు పక్కన పెట్టింది. నీళ్ళు లేక బిట్టు కాలి, కమురు వాసనొచ్చి, అంచున ఉన్న రజనంతా రాలిపోయింది.

"ఏమైందండీ?" అంది ఆవిడ, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని.

"డైమండ్ పోయింది" అన్నారు మాస్టారు నీరసంగా.

ఫోన్లో ఉన్నది ఆవిడ తమ్ముడు. "ఏం పోయింది అక్కా?" అన్నాడు.

"ఏం చెప్పమంటావురా, పొద్దున్నే ఇంట్లో కన్నం పడింది. ఇప్పుడేమో డైమండ్ పోయింది. నాన్నకి చెప్పకు, కంగారు పడతారు" అంటూండగానే తడిచేతిలోంచి ఫోను జారి బకెట్లో పడింది.

నాన్నకి చెప్పకు అన్న మాట ఏ తమ్ముడి కడుపులోనూ దాగదు. మామగారు వెంటనే కూతురికి ఫోన్ చేశారు. అది నీళ్ళలో ఉంది. అల్లుడికి చేశారు. అది మోగకుండా పెట్టి బీరువా మీద ఉంది. ఇక ఆయన అపార్ట్‌మెంటు గేటుకి ఫోన్ చేసి, పాత గొంతు బయటికి తీశారు. "మూడో అంతస్తులో కన్నం పడింది. సంచితో కనిపించినవాణ్ణి ఎవర్నీ వదలకు. నేనొస్తున్నాను."

వాచ్‌మన్ పనిలో చేరి వారమే అయింది. ఇలాంటి అవకాశం ఇంత తొందరగా వస్తుందని అతను అనుకోలేదు.

కొత్త బిట్టు కొని, షాపాయన చేతే డ్రిల్లుకి బిగించుకుని మాస్టారు తిరిగొచ్చారు. తలా మీసాలూ తెల్లటి ధూళి, నుదుటి మీద కళ్ళజోడు, చేతిలో సంచి.

"సంచిలో ఏముంది?" అన్నాడు వాచ్‌మన్.

"డ్రిల్లు. దానికో డైమండ్."

వాచ్‌మన్ గేటుకి గొళ్ళెం పెట్టాడు. "ఎందుకు?"

"మూడో అంతస్తులో కన్నం వెయ్యాలి. పొద్దున ఒకటి వేశాను. రెండోది సగంలో ఆగిపోయింది." మాస్టారికి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"ఇంట్లో ఎవరూ లేరా మరి?"

"ఆవిడ ఉంది. నీళ్ళు పోస్తోంది ఆవిడే. అది మా ఇల్లేనయ్యా."

"అందరూ అలాగే అంటారు" అని వాచ్‌మన్ ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, సంచి తను పట్టుకున్నాడు. మాస్టారు గడియారం చూసుకున్నారు. పదకొండు. పథకం ప్రకారం ఈపాటికి స్నానం చేస్తూ ఉండాలి.

పావుగంటకి ఆటో ఆగింది. చేతికర్ర ఊతంగా మామగారు దిగారు, వెనకాలే బావమరిది.

"దొంగ దొరికాడండీ" అన్నాడు వాచ్‌మన్ నిటారుగా నిలబడి. "నేరం ఒప్పుకున్నాడు కూడా."

మామగారు దొంగ వైపు చూశారు. దొంగ లేచి నమస్కారం పెట్టాడు.

"నువ్వా?" అన్నారు మామగారు.

మాస్టారు ఉన్నదంతా చెప్పారు. బావమరిది నవ్వాడు గాని మామగారు నవ్వలేదు. "ముందు కన్నం చూపించు" అన్నారు. బాత్రూంలో కళ్ళజోడు సవరించుకుని, మొదటి కన్నం చుట్టూ వేలు తిప్పారు. ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన అధికారి ముందు కూడా మాస్టారికి ఎప్పుడూ అంత దడ పుట్టలేదు.

"ఏటవాలుగా మొదలెట్టావా?"

"అవునండి."

"ఈ రెండోదానికి తొందరపడ్డావు."

"మీకెలా తెలుసు?"

"తొందరపడ్డవాళ్ళే నాకు దొరికారయ్యా. చప్పుడు రాకుండా నీళ్ళు పోసుకుంటూ నెమ్మదిగా వేసినవాడు ముప్పయ్యేళ్ళలో ఒక్కడూ దొరకలేదు."

ఆయన స్టూలు వేయించుకుని, కూతురి చేతిలో మగ్గు అందుకున్నారు. మిగిలిన మూడు కన్నాలకీ ఆయనే నీళ్ళు పోశారు. అల్లుడు నొక్కబోయినప్పుడల్లా "ఊఁ" అన్నారు. ఒంటిగంటకి కడ్డీ గోడకెక్కింది. ఆఖరి మర బిగించి మాస్టారు పక్కకి తప్పుకోగానే మామగారు లేచారు. బురదలో చేతికర్ర సర్రున జారింది. కూతురు కెవ్వుమంది. ఆయన చెయ్యి గాల్లో తడుముకుని కడ్డీని దొరకబుచ్చుకుంది.

మనిషి బరువంతా దాని మీద పడింది. కడ్డీ కదల్లేదు. టైలు పగల్లేదు. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది.

మామగారు నిలదొక్కుకున్నాక కూడా కడ్డీ వదల్లేదు. "నువ్వు ఆ వృత్తిలో ఉండుంటే నాకు దొరికేవాడివి కాదు" అన్నారు. పన్నెండేళ్ళలో ఆయన అల్లుణ్ణి మెచ్చుకోవడం అదే మొదలు.

వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ మాస్టారి సంచి వెతకందే గేటు తియ్యడం లేదు.