రాయిలో దారం

నా కథల్లో ఒక్క పోగు కూడా అబద్ధం ఉండదు. కావాలంటే మా దర్జీనే అడగండి.

ఆ ఉదయం దర్జీ, ఆస్పత్రి పెద్దడాక్టరుకు కొత్త తెల్లకోటు ఇచ్చి రావాలనుకున్నాడు. పోయినసారి కోటుకు జానెడు దారం వేలాడుతోందని డాక్టరు నలుగురిలో, "ఇదేనా నీ పనితనం?" అన్నాడు. ముప్పై ఏళ్ల పరువు గంగలో కలిసిందని దర్జీ అప్పటినుంచి కుతకుత ఉడుకుతూనే ఉన్నాడు. ఈసారి కోటంతా భూతద్దం పెట్టి వెతికి మరీ మడతపెట్టాడు.

కోటు చంకన పెట్టుకుని లేచాడో లేదో, పొత్తికడుపులో మెలిపెట్టింది. మూత్రం బిగుసుకుపోయింది.

"దారాలు పళ్లతో కొరక్కండి మొర్రో అంటే విన్నారా? అన్నీ లోపల ఉండకట్టుంటాయి!" అంది భార్య.

"నేను కొరుకుతానా? నా కత్తెరేమన్నా గడ్డి కోస్తోందా?" అని మండిపడ్డాడు దర్జీ.

ఆవిడ ఆ మాట పక్కింటామె చెవిన వేసింది. అంటే టముకు వేయించినట్టే. దర్జీ కోటుతో సహా ఆస్పత్రి చేరేసరికి, అతను దారపు రీలే మింగాడని వీధంతా తేల్చేసింది. ఒకాయన అక్కడికే వచ్చి, "మా అమ్మాయి గౌను ఎంగిలి దారంతో కుడతావా? గుడ్డ వెనక్కిచ్చెయ్!" అన్నాడు.

స్కానింగులో మూత్రాశయంలో రాయి కనిపించింది. మర్నాడు దాన్ని బయటికి తీసి పగలగొడితే, నడిమధ్య నీలిదారం!

"నేను చెప్పలా?" అంది భార్య. వార్డంతా గొల్లున నవ్వింది.

"మింగింది అక్కడికి పోదమ్మా, దాని దారి వేరు. మూత్రాశయంలో పరాయి వస్తువేదైనా ఉండిపోతే, దాని చుట్టూ లవణాలు పేరుకుని రాయవుతుంది. ఈ దారం..." డాక్టరు ఆగి, పాత కాగితాలు తిరగేశాడు. మూడేళ్ల కిందట దర్జీకి మూత్రాశయం కోసి కుట్టింది ఆయనే.

దర్జీ మంచం మీద లేచి కూర్చున్నాడు. "కోటుకు దారం వేలాడితే నలుగురిలో కడిగేశారే! నా కడుపులో వదిలింది ఎవరి పనితనం సార్? కత్తెర లేకపోతే నన్నడగొచ్చుగా, అరువిచ్చేవాణ్ణి!"

"కరిగే దారం వేయాల్సింది. తప్పు నాదేనయ్యా," అన్నాడు డాక్టరు, వార్డంతా వినేలా.

అని వెనక్కి తిరిగాడు. ఒంటిమీద దర్జీ కుట్టిన కొత్తకోటు. దాని అంచున జానెడు దారం. దర్జీ అటూ ఇటూ చూసి, గబుక్కున వంగి, పళ్లతో కొరికేశాడు.

భూతద్దం మాత్రం నా కల్పన.