ముందు సీటు మర్యాద

ధర్మపురి నుంచి అదియమాన్‌కోట్టై పోయే దారిలో కాపురముంటున్న మారెప్ప కుటుంబం పెద్ద బండి కొనాలని తీర్మానించింది. ఇంట్లో ఉన్నది పదకొండు మంది. కాబట్టి ఎన్ని సీట్ల బండి కావాలో తేల్చడం కష్టం కాదని బయటివాళ్ళు అనుకోవచ్చు. బయటివాళ్ళు సీట్లను మనుషులతో లెక్కపెడతారు. మారెప్ప ఇంట్లో మర్యాదతో లెక్కపెడతారు.

మారెప్ప భార్య అంజనమ్మకు ఈ రెండు లెక్కలూ తెలుసు. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచి ఎక్కిన ప్రతి అద్దె బండిలోనూ ఆమె చివరి సీటులో, చిత్రాన్నం గిన్నెకూ నీళ్ళ క్యానుకూ మధ్య కూర్చుంది. పెద్ద కోడలు వెనక ఉంటే సామానుకు భద్రమని అత్త సాకమ్మ చేసిన ఏర్పాటు అది. వెనక సీటులో అంజనమ్మకు కడుపులో తిప్పుతుంది. పాలక్కోడు రాకముందే వాంతులు మొదలవుతాయి. సొంత తమ్ముడు కందసామి పెళ్ళికి డెంకణికోట పోయినప్పుడు, ఆమె మండపం వెనక గదిలో నిమ్మకాయ వాసన చూస్తూ పడుకుని ఉండగానే తాళి కట్టడం అయిపోయింది. మేళం మాత్రం ఆ గదిలోకి బాగా వినబడి ఉంటుందని అందరూ ఆమెను ఓదార్చారు.

ఇప్పుడు ఆ కందసామి కొడుకు పెళ్ళి వచ్చింది. మేనత్త హారతి పట్టాలి. బండి ఏ రంగుదైనా, ఏ కంపెనీదైనా అంజనమ్మకు ఒకటే. హారతి పళ్ళెం పట్టుకుని నిలబడే ఓపికతో తనను అక్కడ దింపితే చాలు.

బండి ఎంపిక కోసం వసారాలో సభ జరిగింది. మారెప్ప అధ్యక్షుడు. ఆయన తమ్ముడు చిక్కప్ప, చెల్లెలి మొగుడు మునియప్ప సభ్యులు. మునియప్ప పక్క వీధిలో ఉంటాడు. ఇంటి అల్లుడు అలిగితే శుభకార్యం ఆగుతుంది కనుక ఆయన్ను అడగకుండా ఆ ఇంట్లో దోమతెర కూడా కొనరు. మారెప్ప కొడుకు ధర్మేంద్ర చెట్టికరైలో ఇంజనీరింగు చదివాడు కనుక సాంకేతిక సలహాదారు. సలహాదారు సలహాలను సభ శ్రద్ధగా విని పక్కన పెట్టింది.

"మైలేజీ చూడాల నాయనా," అన్నాడు ధర్మేంద్ర.

"మైలేజీ తర్వాత చూస్తామురా. ముందర సీటు ఎవరిదో అది తేల్చండి," అన్నాడు మారెప్ప.

ముందు సీటు, అంటే డ్రైవరు పక్కది, ఇంటి పెద్దకు చెందుతుంది. అల్లుడు వస్తే అల్లుడికి చెందుతుంది. మారెప్ప పెద్ద, మునియప్ప అల్లుడు. ఇప్పటిదాకా ఎక్కడికి పోయినా రెండు బండ్లు మాట్లాడి ఈ చిక్కు తీర్చుకున్నారు. ఇద్దరూ చెరొక బండిలో ముందు కూర్చునేవారు. మిగతా కుటుంబం ఒక బండిలో ఇరుక్కునేది, ఇంకో బండిలో కాళ్ళు చాపుకునేది.

"నేను వెనకాల కూర్చుంటాలే బావా, నాకేమి," అన్నాడు మునియప్ప.

ఆ మాటకు ఆ ఇంట్లో వేరే అర్థం ఉంది. కిందటిసారి ఆయన ఆ మాట అన్న తర్వాత దీపావళి వచ్చి పోయినా గడప తొక్కలేదు.

"అట్లెందుకు అంటావు బావా! ముందర ఇద్దరు కూర్చునే బండే చూస్తాము," అన్నాడు చిక్కప్ప. సభ ముగిసింది.

ధర్మపురిలోని షోరూములో రాజమాణిక్కం అనే అమ్మకందారు వీళ్ళకు దొరికాడు, లేదా వీళ్ళు అతనికి దొరికారు. అతను మొదట ఏడు సీట్ల కారు చూపించాడు. ముందు ఒక్క సీటే ఉందని తిరస్కరించారు. తర్వాత ఎదురెదురు సీట్ల బండి చూపించాడు. అందులో కోడళ్ళ మోకాళ్ళు మగవాళ్ళ మోకాళ్ళకు తగులుతాయని తిరస్కరించారు. ఇంకొకదానిలో రెండో వరస ఎడమ సీటు మడిస్తేనే వెనక్కి దారి. అంటే వెనకవాళ్ళు దిగాలంటే అక్కడ కూర్చునే చిక్కప్ప లేవాలి. ఆడవాళ్ళ కోసం లేవడం మొదలుపెడితే దానికి అంతు ఉండదని చిక్కప్ప అన్నాడు. రాజమాణిక్కం బ్రేకుల గురించి చెప్పబోయాడు. అద్దం ముందర వినాయకుడు పట్టేంత చోటు ఉందా అని మారెప్ప అడిగాడు.

చివరికి ఒక వ్యాను బయటపడింది. డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోవచ్చు. వెనక వరసలన్నీ ముందుకే చూస్తాయి, ఎవరి మోకాళ్ళు వాళ్ళవే.

అంజనమ్మ ఆ సాయంత్రమంతా ఒక్క ప్రశ్నే అడిగింది.

"అన్నా, చివరి సీటు కిటికీ తెరుచుకుంటుందా?"

తెరుచుకోదనీ, ఏసీ ఉండగా తెరవాల్సిన పని లేదనీ రాజమాణిక్కం చెప్పాడు.

"ఊరకుండవే. పెద్దోళ్ళు మాట్లాడతా ఉంటే కిటికీ అంటావు," అన్నాడు మారెప్ప. అప్పుడు మాట్లాడుతున్న పెద్దవాడు చిక్కప్ప. అతను అంజనమ్మ కంటే ఆరేళ్ళు చిన్న.

ముందు సీట్లు రెండైనా వాటిలో ఒకటి కిటికీ పక్కది, ఒకటి గేరు పక్కది అని ఇంటికి వచ్చాక తెలిసింది. ఊళ్ళో పోతుంటే కిటికీ పక్కనున్న మనిషే నలుగురికీ కనబడతాడు. మళ్ళీ సభ జరిగింది. పాలక్కోడు దాకా మునియప్ప కిటికీ పక్కన, అక్కడి నుంచి మారెప్ప. తిరుగు ప్రయాణంలో దీనికి విరుద్ధం. పాలక్కోడులో బండి ఆపి ఇద్దరూ దిగి మారాలి. దేశాల మధ్య ఒప్పందాలు ఇంతకంటే తొందరగా కుదురుతాయి, ఇంతకంటే తొందరగా చెడతాయి.

బండి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ నిమ్మకాయలను అంజనమ్మ కాసేపు చూసింది. బండి వాళ్ళ వీధి మలుపు తిరగదని ఆ తర్వాత తెలిసింది. దాన్ని మామిడికాయల మండీ ఆవరణలో నిలబెట్టి, బండి దాకా పోవడానికి ఆటో మాట్లాడుకున్నారు.

డ్రైవరుగా కన్నన్ కుదిరాడు. మొదటి ప్రయాణంలో ఒకే పక్క నుంచి హారన్ కొట్టమని మారెప్ప, కొట్టవద్దని మునియప్ప చెప్పారు. కన్నన్ పాలక్కోడులో వాళ్ళిద్దరితోపాటు తానూ దిగి, మళ్ళీ ఎక్కకుండా బస్సులో ఇంటికి పోయాడు. రెండోవాడు అంత దూరం కూడా రాలేదు. ఆ తర్వాత ధర్మపురి వ్యాను స్టాండులో మారెప్ప పేరు చెబితే డ్రైవర్లు టీ తాగడానికి లేచేవారు.

ఇంట్లో మగవాళ్ళకు లైసెన్సులు లేవని కాదు. చిక్కప్ప తోలితే తమ్ముడిని డ్రైవరు చేసినారని ఊరు అంటుంది. ధర్మేంద్రకు పిల్లను చూస్తున్నారు. పిల్ల తరఫువాళ్ళు స్టీరింగు దగ్గర చూస్తే ఇంజనీరని చెప్పి డ్రైవరును అంటగడుతున్నారని అనుకుంటారు. అంచేత బండి మండీలోనే ఉండిపోయింది. దాని కింద మండీ కుక్క నాలుగు పిల్లలను పెట్టింది. అప్పటికి ఆ బండి వల్ల సుఖపడిన కుటుంబం అదొక్కటే.

అంజనమ్మ రోజూ మోపెడ్ మీద పాల సొసైటీకి పోయి పాలు పోసి వస్తుంది. దారిలో ఒక డ్రైవింగు స్కూలు ఉంది. కన్నన్ దిగిపోయిన వారం ఆమె అక్కడ ఆగింది. స్టీరింగు పట్టుకున్న మొదటి రోజే ఆమెకు ఒక సంగతి తెలిసింది. బండి తోలే మనిషికి కడుపులో తిప్పదు. ఆ తర్వాత రోజూ ఆగింది. పెద్ద బండి మీద కూడా నేర్పించమని అడిగింది. పొద్దున కాఫీ ఆలస్యమవుతోందని ఇంట్లో అందరూ గమనించారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పెళ్ళికి ముందు రోజు వసారాలో చివరి సభ జరిగింది. డ్రైవరు దొరకలేదు కనుక కుటుంబం తరఫున చిక్కప్ప బస్సులో పోయి విచారం తెలియజేయాలని మారెప్ప ప్రతిపాదించాడు.

"మరి హారతి?" అంది అంజనమ్మ.

"వేరే ఎవరైనా పడతారులే."

"వేరే ఎవరూ పట్టేది లేదు. నేను తోలుతాను." కొంగు ముడి విప్పి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది.

మారెప్ప దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఫోటో ఆమెదే. "ఎప్పుడు నేర్చినావే?"

"మీరు కాఫీ ఏదని అరుస్తా ఉన్నప్పుడు."

"ఒదినా, ఊరు నవ్వుతుంది," అన్నాడు చిక్కప్ప.

"నవ్వనీరా," అంది మంచం మీద నుంచి సాకమ్మ. "పాలు పిండేది అది, పాలు మోసేది అది. బండి తోలితే మీ మీసాలు రాలిపోతాయా?"

అందరూ మునియప్ప వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మనము ఇన్ని దినాలు మాట్లాడింది సీట్ల సంగతి కదా బావా. డ్రైవరుది సీటు కాదు, పని. పని ఆడోళ్ళు చేస్తే మర్యాదకు ఏమీ కాదు. మన ఇళ్ళలో చేస్తానే ఉన్నారు."

ఈ తీర్పులో ఎవరికీ తప్పు కనబడలేదు. అంజనమ్మకు కూడా కనబడలేదు. ఆమె తాళం తీసుకుంది. చివరి సీటులో చిత్రాన్నం గిన్నె పక్కన ధర్మేంద్ర కూర్చున్నాడు.

తెల్లవారి బండి కదిలింది. హారన్ కొట్టమని మారెప్ప అన్నాడు. వద్దని మునియప్ప అన్నాడు. ఇద్దరి మాటా వింటున్నట్టు ఉండి తనకు తోచింది చేయడంలో అంజనమ్మకు ముప్పయ్యేళ్ళ అనుభవం ఉంది. పాలక్కోడులో ఒప్పందం ప్రకారం బండి ఆపింది. ఇద్దరూ మారారు. రాయకోట మలుపుల్లో ధర్మేంద్ర రెండుసార్లు ఆపమన్నాడు. అతనికి నీళ్ళిచ్చి ఒక నిమ్మకాయ కూడా ఇచ్చింది. ముహూర్తానికి ముందే డెంకణికోట చేరారు. అంజనమ్మ ముఖం కడుక్కుని, చీర సవరించుకుని, హారతి పట్టింది. పళ్ళెం వణకలేదు. కందసామి అక్కను చూసి, "ఏమక్కా, ఈసారి పడుకోలేదే!" అన్నాడు.

"వచ్చినంతసేపూ కూర్చునే వచ్చినాను లేరా," అంది.

భోజనాల దగ్గర డ్రైవర్లకు చివరి పంక్తి. అంజనమ్మకు అందులో కొత్తేమీ కనబడలేదు. మగవాళ్ళు తిని, ఆకుపోక వేసుకుని, పోయి బండి ఎక్కారు. కిటికీ పక్కన ఒకరు, గేరు పక్కన ఒకరు, ఎవరి వరసలో వాళ్ళు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఏసీ పనిచేయాలంటే తాళం కావాలి. తాళం అంజనమ్మ కొంగున ఉంది. ఆమె పాయసం రెండోసారి అడిగింది.

ఆ ఎండలో కూర్చున్న సభ ఒక కొత్త విషయాన్ని కనిపెట్టింది. దారి పొడవునా ఊళ్ళ జనం చూసింది కిటికీ పక్కనున్న మనిషిని కాదు, స్టీరింగు దగ్గరున్న మనిషిని. ఆమె కూడా ముందే కూర్చుంది. ఆమెకూ కిటికీ ఉంది. దాన్ని పాలక్కోడులో ఎవరికీ ఇవ్వాల్సిన పని కూడా లేదు. ఇది మర్యాదకు లోటేనని మారెప్ప, మునియప్ప మొదటిసారిగా ఒక మాట మీదికి వచ్చారు. ఈ బండి అమ్మేసి, తోలే మనిషి చివరి సీటులో కూర్చునే బండి కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

అలాంటి బండి ఎవరూ తయారు చేయడం లేదని రాజమాణిక్కం ఫోనులో చెప్పాడు. అతనికి తెలియకపోవచ్చు. పాఠకులు ఎవరైనా తమ ఇంట్లో నడుస్తున్న సంసారం బండిని మారెప్పకు ఒకసారి చూపిస్తే సరిపోతుంది.