పెద్దవారిని పిలవండి

రిమోట్ భార్య చేతిలో ఉన్న ఇంట్లో మగవాడికి సాయంత్రం అనేది ఉండదు. దొరసామి ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా సాయంత్రం లేదు.

ఆరున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు ముగిసే తమిళ సీరియళ్ళు ఆరు. నాలుగింటిలో కోడళ్ళు ఏడుస్తారు. మిగిలిన రెండింటిలో ఏడిపిస్తారు. దొరసామికి కావలసింది పెద్ద విషయమేమీ కాదు. కాసేపు వార్తలు, ఆ తర్వాత రేక్లా బండ్ల పందెం. ఎడ్లు పరుగెత్తుతుంటే చూడాలి. అవి ఏడవవు.

కోయంబత్తూరు మిల్లులో టైమ్ ఆఫీసు గుమాస్తాగా ముప్ఫై నాలుగేళ్ళు చేసి దిగిన మనిషి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎంతటివాడినీ గేటు బయట నిలబెట్టినవాడు. ఇంట్లో మాత్రం భార్య చెల్లమ్మాళ్ ముందు ఎవరైనా రాకపోతే పని దొరుకుతుందేమోనని చూసే బదిలీ కూలీలాగా గుమ్మం దగ్గర నిలబడతాడు.

అలాంటివాడికి ఒక ఉపాయం తోచింది. టీవీకి తగిలించుకునే పెట్టెలు వస్తున్నాయి. అవి తగిలిస్తే తెర మీద ఏది కావాలన్నా పేర్లు చదివి ఎంచుకోవాలి. చెల్లమ్మాళ్ చదువు అయిదో తరగతి, అదీ తమిళం. పెట్టెను తెలుగులో పెడితే ఆమె ఆట కట్టు.

దొరసామి ఉండే పేటలో అందరూ ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో చదివింది తమిళం. తెలుగు రాత ఎవరికీ రాదు, దొరసామికి తప్ప. అతన్ని తెలుగు దొరసామి అనే పిలుస్తారు.

ఆ పేరు ఒక సంతకం మీద నిలబడి ఉంది. చిన్నప్పుడు ఎవరో మేష్టరు ఊరికొచ్చి నెల్లాళ్ళు తెలుగు చెప్పి, భోజనం పడక వెళ్ళిపోయాడు. ఆ నెలలో దొరసామి తన పేరు రాయడం నేర్చాడు. తరువాత నలభై ఏళ్ళు పేటలోని తెలుగు సంఘం రిజిస్టరులో తెలుగులో సంతకం పెట్టాడు. ఎవరైనా ఆంధ్రా నుంచి వచ్చిన పెళ్ళిపత్రిక తెచ్చి చదవమంటే కళ్ళజోడు సర్దుకుని, "శుభం. తేదీ అంకెల్లోనే ఉంది, చూసుకో" అనేవాడు. ఇంతవరకు ఏ పెళ్ళీ తప్పిపోలేదు.

ఇప్పుడు సంఘంవాళ్ళు ఆదివారం నుంచి పిల్లలకు తెలుగు తరగతి పెడుతున్నారు. మేష్టరు ఎవరంటే అందరూ ఒక్కటే పేరు చెప్పారు. నలభై ఏళ్ళు జనం నమ్మితే మనిషి తానూ నమ్ముతాడు. రాని అక్షరాలు చూడగా చూడగా అవే వస్తాయని దొరసామి ధైర్యంగా గాంధీపురం బస్సెక్కాడు.

కొట్టులో పళనివేల్ అనే అమ్మకందారు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో తెలుగు ఉందా?"

"లేదు సార్. తమిళం ఉంది."

"తీసెయ్. ఇదో?"

"ఉంది సార్. ఇది చాలా మంచిది. రిమోట్‌లో మైకు ఉంది. చదవక్కర్లేదు. సీరియల్ పేరు నోటితో చెబితే చాలు, వచ్చేస్తుంది."

దొరసామి ఆ పెట్టెను పామును చూసినట్టు చూశాడు. "మాట వినేది వద్దు."

"సార్?"

"మైకు లేనిది కావాలి. తెలుగు ఉండాలి. కొంచెం కష్టంగా ఉండాలి."

పళనివేల్ ఆ కొట్టులో పద్దెనిమిదేళ్ళుగా నిలబడి ఉన్నాడు. కష్టంగా ఉండేది కావాలని అడిగినవాడు ఇతనే. మూడోది తీసి, తెలుగులో పెట్టి, దండం పెట్టినట్టుగా చేతికిచ్చాడు.

ఇంట్లో చెల్లమ్మాళ్ చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"ఏంగ, ఇదేమి పెట్టె?" అని మొగుణ్ణి పిలిచి అడిగింది.

"ఇంక టీవీ దీన్లోనే వస్తాది. అంతా తెలుగు. మన భాష."

"పాత టీవీకి ఏమొచ్చె? బాగానే ఉండాది గదా."

"నీకు తెలీదులేవే. దీనికి చదువు ఉండాల."

"ఆమా. ఉండాల" అని ఒప్పుకుని చెల్లమ్మాళ్ ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

తెర నిండా అక్షరాలు వచ్చాయి. వాటిలో దొరసామికి తన పేరులోని అక్షరాలు మూడు కనిపించాయి. చుట్టాలను చూసినట్టు సంతోషపడి వాటి మీదికి పోయి నొక్కాడు. తెర రంగురంగులయింది. ఒక ఎలుగుబంటి గొడుగు పట్టుకుని వచ్చింది. వెనక్కి నొక్కాడు. ఎలుగుబంటి. పైకి నొక్కాడు. ఎలుగుబంటి, దాని తమ్ముడు. అది పిల్లల భాగమని అర్థమయింది. బయటికి దారి అర్థం కాలేదు.

"ఏంగ, ఎలుగ్గొడ్డు ఎందుకు?"

"ఊరికే చూస్తా ఉండాను. దీన్లో నీతి ఉండాది."

ఆరున్నర అయింది. దొరసామి రిమోట్‌ను మర్యాదగా భార్య ముందు పెట్టాడు. "ఇందా. నీ సీరియల్ పెట్టుకో." ఆ క్షణం కోసమే అతను కొట్టు దాకా పోయాడు.

చెల్లమ్మాళ్ చెయ్యి చీరకు తుడుచుకుని నాలుగుసార్లు నొక్కింది. తెర మీద కోడలు ఏడవడం మొదలుపెట్టింది.

"ఎట్లా వచ్చె?"

"నొక్కితే వచ్చె."

తొమ్మిదిన్నరకు ఆమె మళ్ళీ నాలుగుసార్లు నొక్కి రిమోట్ తిరిగిచ్చింది. తెర మీద ఎలుగుబంటి. "మీరు చూస్తా ఉండిన దాన్లోనే పెట్టినాను" అంది.

అలా మూడు రోజులు గడిచాయి. బొమ్మలు చూసి గుర్తుపట్టి నొక్కుతోందని దొరసామి తేల్చుకున్నాడు. అడగడానికి అహం అడ్డొచ్చింది. పట్టపగలు ఆమె గుడికి పోయినప్పుడు కూర్చుని తెర మీదున్నవన్నీ నొక్కాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. నీలంగా ఉన్నది పచ్చగా అయింది. గడియారం బొమ్మ ఒకటి వచ్చి పోయింది. ఎలుగుబంటి మాత్రం కదల్లేదు. మూడో రోజుకు దాని మేనత్త కొడుకు పేరు కూడా తెలిసిపోయింది.

శనివారం సాయంత్రం సంఘం అధ్యక్షుడు బంగారు వచ్చాడు. మైకు బంగారు అంటే పేటలో అందరికీ తెలుసు. చేతికి వచ్చిన మైకు తిరిగి ఇచ్చిన చరిత్ర లేదు. వెంట కమిటీవాళ్ళు ఇద్దరు, కొత్త మేష్టరుకు ఒక రోజాల దండ.

"దొరసామీ, తెలుగు పెట్టె కొన్నావంట. తరగతికి గూడా ఇట్లాంటిదొకటి తీస్తామని చూస్తా ఉండాము. ఎట్లుండాదో చూపించు."

దొరసామి నాలుగింటి నుంచి సాధన చేస్తూనే ఉన్నాడు. ఎలుగుబంటి నడుస్తోంది. అందరూ కూర్చోగానే అది మాయమై, తెల్లటి తెర మీద నాలుగు వరుసల తెలుగు నిలిచింది.

"ఏమో రాసుండాదే" అన్నాడు బంగారు. "చదువబ్బా. విందాము."

దొరసామి లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు సర్దాడు. గొంతు సవరించాడు. అంకెలు లేవు. "పెద్దలకు స్వాగతం" అని మొదలుపెట్టాడు. "మీ రాక మాకెంతో సంతోషం. తెలుగు భాష తేనె వంటిది..."

తెర టక్కున ఆరిపోయింది.

"స్వాగతం చెప్పి ఆరిపోతాదా?" అన్నాడు బంగారు.

"వినయం" అన్నాడు దొరసామి.

అతను ఆన్ చేశాడు. మళ్ళీ అవే నాలుగు వరుసలు. మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు సవరించడం దగ్గరే ఆగిపోయాడు.

చెల్లమ్మాళ్ కాఫీ లోటాల పళ్ళెంతో వంటింటి గుమ్మంలో నిలబడి తెరవైపు చూసింది. నడిచి వస్తూనే, ఎక్కడా ఆగకుండా, చాకలి పద్దు చదివినంత తేలిగ్గా చదివేసింది.

"చిన్నారీ, ఈ రోజుకు మీ సమయం అయిపోయింది. ఒక నిమిషంలో టీవీ ఆగిపోతుంది. ఇంకా చూడాలంటే పెద్దవారిని పిలవండి." పళ్ళెం కింద పెట్టింది. "కాఫీ తీసుకోండి అన్నా. ఆరిపోతాది."

ఏది ఆరిపోతుందో ఎవరూ అడగలేదు. ముగ్గురూ గోడ గడియారం వైపు, టీవీ వైపు మార్చి మార్చి చూశారు. సరిగ్గా నిమిషానికి తెర ఆరిపోయింది. కాఫీ కూడా.

మైకు బంగారు కూర్చున్న చోటే ఆమె వైపు తిరిగాడు. "తంగచ్చీ, నీకెట్లా వస్తాది?" అని చెల్లెల్ని అడిగినట్టు అడిగాడు.

"మాది పెరియకుళం మామిడి తోట గదా అన్నా. కాయ చిత్తూరు మండీకి పోయేది. మండీవాళ్ళు తెలుగులో జాబులు రాస్తారు. వాళ్ళ గుమాస్తా కాయకు వచ్చినప్పుడంతా నాకు అక్షరాలు నేర్పె. కాయ పచ్చిదొచ్చె, గడ్డి తక్కువేస్తిరి అని అన్నీ తిట్లే. మా నాయనకు చదివి చెప్పేదాన్ని. తిరిగి తిట్టేదీ నేనే రాసేదాన్ని."

దండ ఎవరి మెడలో పడాలో బంగారు ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆమె వద్దు వద్దంటూనే పుచ్చుకుని టీవీ మీద వేసింది.

వాళ్ళు వెళ్ళాక దొరసామి కుర్చీలో కూలబడ్డాడు.

"నలభై ఒక్క సంవత్సరాలు. ఒక్క మాట చెప్పకూడదా?"

"పెండ్లయిన పదోనాడు మా నాయన మండీవాళ్ళతో రాయించి మీకు తెలుగులో జాబు పంపినాడు. గుర్తుండాదా?"

"ఉండాది. వాకిట్లో అందరి ముందర చదివితి గదా. అందరూ క్షేమం, మామిడి బాగా కాసింది అని."

"మా మేనత్త సచ్చిపోయిందని రాసుండాది."

దొరసామి కళ్ళజోడు తీసి మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వు ఏడిస్తివి" అన్నాడు. "సంతోషమేమో అనుకుంటి."

"ఆమా. మీరు పోయి మైసూర్‌పాకు తెచ్చి నోట్లో పెడితిరి. పదిమంది చూస్తా ఉండిరి. కొత్త మొగుడు. ఏమని చెప్పేది? తింటిని."

ఆమె లోటాలు తీసుకుని లోపలికి పోయింది. ఆరున్నరకు వచ్చి నాలుగుసార్లు నొక్కింది. తొమ్మిదిన్నరకు మళ్ళీ నాలుగుసార్లు నొక్కి, పెద్దవారి హోదాలో ఇంకాస్త సమయం ఇచ్చి, రిమోట్ అతని చేతిలో పెట్టింది. ఎలుగుబంటి గొడుగు విప్పింది.

"ఇంకనైనా ఇది తమిళంలో పెట్టవే" అన్నాడు దొరసామి. ఆ గొంతుతో అతను మిల్లులో ఎవరినీ ఏదీ అడగలేదు.

"ఎందుకు? మన భాష గదా. ఎట్లా మార్చేదో దాన్లోనే రాసుండాది. చదవడం వచ్చిన రోజు మీరే మార్చుకోండి. రేపు పదింటికి తరగతి. పలక నేను తీస్తాను."

ఆదివారం సంఘం హాల్లో పదకొండు మంది పిల్లలు, వెనక బెంచీలో ఒక పెద్దమనిషికి చోటు. అతను హాజరుకు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. మేష్టరమ్మ గుమ్మం బయట నిలబెట్టింది.

ఎడ్ల పందెం అతను ఇంతవరకు చూడలేదు. ఎందుకని అడిగిన ఇద్దరు స్నేహితులతో మాట మానేశాడు. మూడోవాడు అడగబోతే లేచి వెళ్ళిపోయాడు. ఆ పెట్టె సంగతి దొరసామి నోట ఇక రాదు. చచ్చినా రాదు.